నలభై మూడు రూపాయల చలి

మర్రిగూడ క్రాస్‌రోడ్డు కాడ నా సోడాల డబ్బా.
లారీ సైదులు నాకు బాకీ నలభై మూడు రూపాయలు.
కార్తీకం ఎల్లినంక వచ్చిండు, జేబులన్నీ తడిమి
ఒక అగ్గిపెట్టె పెట్టిండు నా చేతుల.
లోపల పుల్లలు లేవు.
నల్లగ, మూడు మూలలతోని, నువ్వుల కంటే చిన్న గింజలు.

"సిమ్లా అవతల ఒక ముసలామె గోడెంబడి చూసిన.
నీలం పూలు, మనిషంత ఎత్తు.
డెల్ఫీనియమట. నాకు నోరు తిరగలే,
పెట్టె మీద రాయించుకున్న."

ఊరికే మన్నుల వేస్తే మొలవయట.
ముందు చలి పడాలె. చీకటి పడాలె.
మంచు కరిగిందని గింజ నమ్మాలె.

మా దిక్కు చలెక్కడిది?
పుష్యమాసంల పది పొద్దులు దుప్పటి దేవులాడుకుంటం,
పదకొండో నాడు కాళ్లతోని తన్నేస్తం.

తడి గుడ్డల చుట్టి, గోలీల డబ్బాల పెట్టి
ఫ్రిజ్‌ల సోడాల ఎనక దాచిన.
ఇరవై రెండు దినాలు వాటికి చలికాలం నేనే.
కరెంటు పోయిన రాత్రి ఐసుగడ్డ కొట్టి పక్కన పెట్టిన.
రెండుసార్లు గిరాకీలు ఆ డబ్బా తీసి
"ఇదేం కొత్త డ్రింకే?" అన్నరు.
కరెంటు బిల్లు కలిపితే బాకీ ఎంతయిందో
సైదులుకు చెప్పలే.

తర్వాత టీ కప్పులకు అడుగున సూదితోని బొక్కలు.
డిండి వాగు ఇసుక జల్లెడ పట్టి, మాగిన పెంట కలిపి,
పైన నల్ల కవరు.
మా బోరు నీళ్లు పొయ్యలే.
ఆ నీళ్లు మా పండ్ల మీద గోధుమ గీతలు గీసినయి,
నా ఎన్నుపూసను ఇనుప పట్టా చేసినయి.
నలభై ఆరేండ్లకే మెడ వంగదు నాకు,
కింద పడ్డ రూపాయిని కొనొచ్చిన పిల్లలే ఏరి ఇస్తరు.
గింజలకు క్యాను నీళ్లు.
మూతతోని కొలిచి.

కప్పులకు వంగి చూసుడు నాతోని కాదు,
కప్పునే కండ్ల కాడికి ఎత్తుకుంట, రోజూ పొద్దుగాల.
పంక్చర్ షాపు బక్కయ్య అంటడు,
"ఏందే, ఉత్త మన్నుకు హారతి పడుతున్నవ్?"

పద్దెనిమిదో నాడు
నలభై గింజలల్ల మూడు.
ఆకులు గావు ఇంకా, తెల్లటి దారప్పోగులు.
తల మన్నులనే ఉన్నది,
మెడ మాత్రం పైకొచ్చి వంగి ఉన్నది,
కొడవలి లెక్క.
మెడ వంచకుంటే మన్ను దాటుడు కాదట వీటికి.
నవ్వాల్నో ఏం జెయ్యాల్నో తెల్వలే.
కప్పును శానాసేపు దించలే.

సాయంత్రానికి ఒకటి లేచి నిలబడ్డది, రెండాకులు విప్పింది.
గింజ పొట్టు ఒక ఆకు మీద టోపీ లెక్క అట్లనే ఉన్నది.
ఊదిన. పడలే. ఉండనిచ్చిన.

శివరాత్రొస్తే చలి శివశివా అని పోతది.
ఆ తర్వాత మా రోడ్డు మీద తారే కారుతది.
నీలం దాకా వస్తయని నాకేం నమ్మకం లేదు.

నిన్న సైదులు ఫోన్ చేసిండు, లుధియానా దాటిండట.
పూసినయా, అన్నడు.
"పద్దుల మూడు రూపాయలు కొట్టేసిన" అన్న.