యాభై ఆరో రోజు

నాచారంలో మా ల్యాబ్, మూడో అంతస్తు.
కింద అప్పడాల ఫ్యాక్టరీ,
మెట్లంతా ఇంగువ వాసన.
పైకొచ్చేసరికి వేరే వాసన:
రెండ్రోజులు మరిచిపోయిన దోసెల పిండికి
మందుల షాపు తోడైనట్టు.

ఐదు లీటర్ల క్యాన్‌లో వచ్చింది అది.
తెచ్చిన సైదులు రసీదు మీద సంతకం పెడుతూ
"మందు తీసినంక మిగిలింది మేడమ్,
చెరుకు పిప్పి లెక్క అనుకోర్రి" అన్నాడు.

పిప్పి అయితే ఆవుకి వెయ్యొచ్చు.
దీన్ని దేనికి వెయ్యాలో తెలియకే
నా దగ్గరికి పంపారు.
పనికొచ్చినదానికి పేరుంటుంది, పెట్టె ఉంటుంది,
ధర, గడువు తేదీ ఉంటాయి.
దీనికి ఒక కోడ్ నంబరు.
గడువు తేదీ నేను కనిపెట్టాలి.

ముందు చెరువు అడుగు బురద కావాలి,
ఏ ఫ్యాక్టరీ నీడా పడని చెరువుది.
ఆదివారమంతా తిరిగాం
నేనూ, రుఖియా, వాళ్ళ తమ్ముడి స్కూటీ.
ఒకచోట నురగ,
ఒకచోట ప్లాట్ల రాళ్ళు,
ఒకచోట చెరువు లేదు, చెరువు పేరుతో బోర్డు ఉంది.
పొద్దుగూకే వేళకి వికారాబాద్ దారిలో దొరికింది
ఒక బకెట్ అమాయకపు బురద.

చీకటి గదిలో, గాజు సీసాల్లో కలిపి పెట్టాం.
ఇక లెక్కంతా సగాలది.
ఎన్నాళ్ళకి సగమవుతుంది,
ఆ సగం మళ్ళీ ఎన్నాళ్ళకి సగమవుతుంది.
పాలవాడి బాకీ అయినా ఏదో ఒక ఒకటో తారీఖున తీరుతుంది.
ఇది తీరదు,
తగ్గుతుంది.

పక్క గదిలో రుఖియా డాఫ్నియాల్ని లెక్కపెడుతుంది.
ఆవగింజంత ఒళ్ళు, అద్దంలాంటి చర్మం,
లెన్సు కింద గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది.
బీకరుకి ఐదు, నాలుగు బీకర్లు.
రెండు రోజులాగి, బీకరు మెల్లగా తిప్పి
పదిహేను సెకన్లు చూడాలి. కదిలితే బతికినట్టు.
"ఆదివారం పొద్దున మా ఆయన్ని గూడ గిట్లనే చూస్త"
నవ్వుతూనే పెన్సిల్‌తో రాసింది:
ఏడు కదల్లేదు.
ఏమీ కలపని మంచినీళ్ళలోనూ ఒకటి కదల్లేదు.
అదీ రాసింది.
దేనివల్లా కాని చావుకి కూడా
మా కాగితంలో ఒక గడి ఉంది.

నీళ్ళలో సగమవడానికి నలభై మూడు రోజులు, అని తేలింది.
నలభై దాటితే "నిలిచి ఉండేది" అని రాయాలి.
లోపైతే అక్కర్లేదు.

సాయంత్రం వేదాద్రిగారు కుర్చీ లాక్కుని కూర్చున్నారు.
మంచి మనిషి. నా కాన్పు సెలవుని
నేనడక్కుండానే పొడిగించిన మనిషి.
గ్రాఫు మీద వేలు పెట్టి
"ఈ యాభై ఆరో రోజు చుక్క ఒక్కటే
గీతకి ఎడంగా ఉంది కదమ్మా.
ఆ రోజు కరెంటు గానీ పోయిందా?"

ఆ చుక్క తీసేస్తే ముప్పై ఎనిమిది.

కరెంటు పోలేదు. ఆ రోజు నాకు బాగా గుర్తు.
మా పాపకి మూడ్రోజుల జ్వరం దిగిన రోజు.
గులాబీ రంగు సిరప్, పూటకి ఐదు మిల్లీలీటర్లు,
ఫ్రిజ్‌లోంచి తీసి, ఊపి, మూతతో కొలిచి.
పాప లేచి అటుకులు అడిగింది.
సీసా వెనక చిన్న అక్షరాల్లో కంపెనీ పేరు చదివాను:
సైదులు రసీదు మీద ఉన్న పేరే.

తిట్టుకునే హక్కు
ఆ మూతతో కొలిచినప్పుడే పోయింది నాకు.
కానీ రాత్రి ఎనిమిదింటికి ల్యాబుకొచ్చి
ఆ రోజు సీసా మూత తీసిందీ నేనే.
పుస్తకంలో నా చేతిరాత ఉంది, టైముతో సహా.

ఆయన వెళ్ళాక గ్రాఫు రెండుసార్లు గీశాను,
చుక్కతో ఒకటి, చుక్క లేకుండా ఒకటి.
రెండూ అందంగానే వచ్చాయి.
గీతకేం తెలుసు.

నలభై మూడు అని కొట్టి, సంతకం పెట్టాను.
రేపు ఆయన ముఖం ఎలా చూడాలో
ఏ పద్ధతి పుస్తకంలోనూ లేదు.

హెల్మెట్ పెట్టుకుంటూ తలుపు దగ్గర రుఖియా:
"అక్కా, సీసాలల్ల బురద ఉంది గద,
మల్ల ఆ చెరువుల్నే పోసొద్దామా?"

వద్దు, అన్నాను.
లేబుల్ అంటించు.
తేదీ వెయ్యి.