గాలికన్ను

లింకన్‌కి తూర్పున, చిత్తడినేలల అంచున
రెల్లూ మట్టీ కలిపి మెత్తిన గోడ.
గోడలో ఒక కన్నం.
పొగ పోవడానికి, పొద్దు రావడానికి.
వుల్ఫ్‌వారు దాన్ని ఈగ్‌థిరెల్ అనేది.
అంటే కంటిరంధ్రం.
వాళ్ళమ్మ అలాగే అంది, అమ్మమ్మా అలాగే అంది.
పేరు మార్చాలని ఎవరికి తోస్తుంది
గోడకున్న కన్నానికి?

మలుగు చేపలు దండెం మీద పొగచూరుతున్న ఒక పొద్దున
ఏటి మలుపులో పడవలు కనిపించాయి.
ఆ రోజు సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు.
చూసింది మాత్రం ఆ కన్నంలోంచే.
గోడ కాలిపోయింది.
గోడ పోయాక కన్నం ఎక్కడికి పోతుందో
నాకు ఇప్పటికీ తెలియదు.

వచ్చినవాళ్ళలో కొందరు తిరిగి వెళ్ళలేదు.
గొడ్డళ్ళు పక్కన పెట్టి బురద దున్నుకున్నారు.
ఏడేళ్ళకి ఆస్‌కెటిల్ ఆవు బేరానికొచ్చాడు.
ఆమె కూ అంది, అతను క్యూర్ అన్నాడు.
మాట మొదట్లో ఇద్దరూ ఒకటే,
తగువంతా తోక దగ్గర.
ఆమె విభక్తులు ఆమెవి, అతనివి అతనివి.
ఆవేమో ఇద్దరినీ చూస్తూ నెమరేస్తోంది.
ఎంతసేపని నిలబడతారు చలిలో?
ఆమె ఒక ప్రత్యయం మింగింది, అతనొకటి నమిలాడు.
ధర కుదిరింది.

అలాగే సంతల్లో, కళ్ళాల్లో, చీకట్లో పడకల మీద
తోక వదిలేసిన బల్లిలా
మాట ప్రాణం దక్కించుకుంది.
రాలిన తోకలు కాసేపు కొట్టుకున్నాయేమో.
ఏడవడానికి అక్కడ వ్యాకరణవేత్త ఎవడూ లేడు.

ఆమె కూతుర్ని అతని కొడుక్కిచ్చారు.
కొత్త గోడకి కన్నం పెట్టి అల్లుడు
విండౌగ అన్నాడు. గాలికన్ను.
చూడండి, అక్కడా కన్నే!
ముసలామెది చూసే కన్ను, అతనిది వీచే కన్ను.
మన పాతవాళ్ళు గవాక్షమని ఆవుకన్ను తెచ్చి పెట్టలేదూ?
గుడ్డి గోడని చూస్తే మనిషికి భయం కాబోలు.
వుల్ఫ్‌వారు చచ్చేదాకా ఆ మాట పలకలేదు.
గాలి వస్తే లేచి తనే మూసుకునేది.

మనవళ్ళకి ఆ పట్టింపు లేదు.
"వాళ్ళే కదా మన ఇల్లు తగలబెట్టింది" అని
ఒకడు పళ్ళు కొరికాడొకసారి.
ఆ "వాళ్ళు" అన్న మాట కూడా
వాళ్ళ దగ్గర తెచ్చుకున్నదే.
పాపం, వాడికి తెలియదు.

తర్వాత గుర్రాలు. తర్వాత రాతికోట.
వుల్ఫ్‌వారు ఎముకలు మట్టిలో కలిసిన చాలా తరాలకి
సున్నివా అనే పిల్ల ఆ కోటలో గిన్నెలు తోమింది.
దివాణం చూసే రెనోఫ్ వేలు చూపించి
ఫెనెస్త్ర్ అనేవాడు, మసి తుడవమని.
తుడిచేది.
కొండమీద ఫెనెస్త్ర్, కొండ దిగాక గాలికన్ను.
నాలుకని గుమ్మం దగ్గర చెప్పుల్లా మార్చుకునేది.
ఒక్కోరోజు మరిచిపోయి
కోట మాటతో ఇంటికొచ్చి
మొగుడి చేత నవ్వించుకునేది.

ఒక మంచురాత్రి ఆమె పసిదానికి దగ్గు.
"ఆ గాలికన్ను మూయవయ్యా" అంది.
కంటిరంధ్రం నోటికి రాలేదు,
ఆ మాటని ఆమె ఎన్నడూ వినలేదు.
అతను లేచి మేకతోలు దించాడు.
కాల్చినవాళ్ళ మాటతో
కాలినవాళ్ళ ఇంట్లోకి చలి రాకుండా ఆగింది.
ఇది న్యాయమో కాదో
గాలి అడగలేదు, నేనడుగుతున్నాను.

వాళ్ళ భాషలో మేము అన్నా మనం అన్నా ఒకటే మాట.
ఎవరిని కలుపుకుందో, ఎవరిని బయట నిలబెట్టిందో
ఆ మాట చెప్పదు.
ఆ మాటే పట్టుకుని సున్నివా
ఇంటి గురించి ఏదో చెబుతూ జోకొడుతోంది.
ఆస్‌కెటిల్ ముక్కూ వుల్ఫ్‌వారు కళ్ళూ ఉన్న పిల్ల
దగ్గు ఆపి,
మూసిన తోలు వెనక గాలి పలికేది వింటోంది.