ఐస్ బండివాడి లెక్క

యెసెనిత్సెలో ఉక్కు కొలిమి చల్లారిన ఏడాది
నాకీ బండి దొరికింది.
నిప్పు దగ్గర కాగిన చేతులు
మంచును నున్నగా దిద్దడం నేర్చుకున్నాయి.

తెల్లవారి ఐదు.
హాకీ కుర్రాళ్లకి అక్కర్లేని ఆ గంట యెర్నెయాది.
ఎనిమిదేళ్ల పిల్ల. ఎవరో విడిచిన స్కేట్స్,
వేళ్ల దగ్గర కుక్కిన ఉన్ని మేజోళ్లు.
పడేది, లేచేది,
ఎవరు చూశారా అని కాదు
ఎక్కడ పడ్డానా అని వెనక్కి తిరిగి చూసేది.

పదహారేళ్లకి జాతీయ ఛాంపియన్!
చెప్పుకోడానికి గొప్పగానే ఉంటుంది.
నిజానికి ఆ ఏడు బరిలో ముగ్గురే,
అందులో ఒకమ్మాయికి జ్వరం.
ఖాళీ మూడో మెట్టు మీద ఎవరో పూలబుట్ట పెట్టారు.
వాళ్లమ్మ బేకరీ నుంచి పిండి చేతులతోనే వచ్చింది.
జాతీయ గీతం టేపు మధ్యలో చిక్కుపడితే
మిగతాది మేమే పాడాం,
పదకొండు మందిమి.

అలా ఆరుసార్లు గెలిచింది.
ఆరుసార్లు ప్రపంచ పోటీలకి వెళ్లింది
ఒక కోచ్‌తో, ఒక పెట్టెతో.
మొదటి రోజు దాటాలంటే ఇరవై నాలుగులో ఉండాలి.
ముప్పై ఒకటి. ఇరవై తొమ్మిది.
చీలమండ వాచిన ఏడు ముప్పై మూడు.
ఇరవై ఆరు.
ఆ తర్వాత ఇరవై ఐదు.
వెంట్రుకవాసి అంటామే,
దాన్నీ కొలుస్తారు వాళ్లు: సున్నా పాయింట్ సున్నా ఏడు.
ఆమె వంతు వచ్చేసరికి టీవీవాళ్లు ప్రకటనలు వేశారు.
బార్‌లో సబ్బుపొడి ప్రకటన ముందు
నేను లేచి నిలబడే ఉన్నాను.
ఆరోసారి ఎంతో నేను అడగలేదు.

రెండో రోజు కోసం ఆమె దాచుకున్న
నాలుగు నిమిషాల నృత్యం ఒకటుంది.
ప్రపంచం దాన్ని చూడలేదు.
నేను చూశాను, బండి మీద కూచుని, కొన్ని వందలసార్లు.
కొంగలా ఒంటికాలి మీద జారి జారి
ఉన్నట్టుండి బొంగరమయ్యేది.
ఒళ్లు ఆగిపోయాక కూడా
జడ ఇంకో అరచుట్టు తిరిగేది.

ఏడో ఏడు తింకారా గెలిచింది.
పద్నాలుగేళ్లు. లేసు కట్టుకోవడం దగ్గర్నుంచి
యెర్నెయానే నేర్పింది.
"మొదటి మెట్టు ఇంత ఎత్తని
రెండో మెట్టు మీంచి తెలిసింది, వింకో,"
అంది నాతో. నవ్వలేదు.

ఆ రాత్రి అందరూ వెళ్లాక
పాట లేకుండా, సగం దీపాలకింద
ఆ నాలుగు నిమిషాలూ ఆడింది.
ఆఖరి దూకుడు దిగినచోట, తూర్పు మూల,
బొటనవేలంత గుంట.

వదిలేద్దామనుకున్నాను.
పొద్దున హాకీవాళ్ల కాళ్లు విరుగుతాయి.
మంచు ముద్ద తెచ్చి కూరాను,
అరచేత్తో తట్టాను, నీళ్లు పోశాను.
బండి నడిపాను ఆమె మీదుగా,
అంటే, ఆమె గీతల మీదుగా.

ఐదింటికి తలుపు చప్పుడైంది.
యెర్నెయా. వెనకాల ముక్కులు కారుతున్న
నలుగురు బుడతలు.
"ఇంకా తడి ఆరలేదా?"
అని అడిగింది, నన్ను కాదు,
మంచును.