నాలుగున్నర గడి

గదిలో మేం పన్నెండుమందిమి ఏం మాట్లాడుకున్నామో
ఎవరికీ చెప్పకూడదు. చెబితే అదొక నేరం.
కాబట్టి గది బయటి సంగతులే చెబుతాను.

హల్‌లో ఫిబ్రవరి. హంబర్ మీంచి వచ్చే గాలికి
కోర్టు మెట్ల మీద నా గొడుగు రెండుసార్లు తిరగబడింది.
చెఱుకుమిల్లి అన్న ఇంటిపేరుని గుమస్తా మూడు రకాలుగా పలికాడు,
మూడింటికీ నేనే లేచాను.

బోనులో నెవిల్ హెబ్డెన్,
పోలీసు లాకప్పుకి రాత్రి సార్జెంటు.
కళ్ళజోడు తుడుచుకోవడం తప్ప
మూడు వారాలూ మరేం చేయలేదు.

ఆరో నంబరు సెల్లులో కీరన్ మాడ్లీ.
చేపల ఫ్యాక్టరీలో ఐసు కొట్టే కుర్రాడు, మూర్ఛరోగి.
మాత్రలు కోటు జేబులో, కోటు బీరువాలో,
బీరువా తాళం సార్జెంటు నడుముకి.
పదకొండుసార్లు గంట నొక్కాడు.
పన్నెండోసారి నొక్కితే మోగలేదు.
శబ్దం తగ్గించే బొత్తాం ఒకటుంది,
దాని ఫొటో మాకు చూపించారు.

అరగంటకోసారి వెళ్ళి చూడాలి, గడిలో రాయాలి.
రాశాడు.
రెండున్నర: నిద్ర.
మూడు: నిద్ర.
మూడున్నర: నిద్ర.
నాలుగు: నిద్ర.
నాలుగున్నర: నిద్ర, గురక.

వరండా కెమెరాలో మనిషి లేడు.
గోడకి ఆనించిన మాపు కర్ర
తెల్లారేదాకా అలాగే ఉంది.
డెస్కు మీది కెమెరాలో మాత్రం,
రెండూ పదికి, ఒకే ఊపున ఐదు గడులూ నింపి
పెన్ను మూత పెట్టి
బిస్కెట్టు టీలో ముంచుకున్నాడు.
కీరన్ ఊపిరి ఆగింది మూడూ ఇరవైకని డాక్టరు అంచనా.
అప్పటికే అతనికి గురక రాసిపెట్టి ఉంది.
నుదుటి రాత అంటాం కదా,
ఇది నీలం సిరాలో, పెద్దక్షరాల్లో.

జడ్జి ఒక పూటంతా మాకు చట్టం వివరించింది.
ప్రజల పనికి జీతం తీసుకునేవాడై ఉండాలి.
మరిచిపోవడం కాదు, అలసిపోవడం కాదు,
చేతకాకపోవడమూ కాదు.
చేయాలని తెలిసి, చేయకపోతే ఏమవుతుందో తెలిసి,
తగిన కారణం లేకుండా చేయకుండా ఉండటం.
నా పక్క కుర్చీ ప్లంబరు నాలుగు పేజీలు రాసుకున్నాడు.
నా కాగితం మీద ఒకటే తెలుగు మాట:
చూసీ చూడనట్టు.

మా అమ్మ దాన్ని నాకు నీతిగా నేర్పింది.
నలుగురిలో చూసీ చూడనట్టు పోవాలే, అనేది
జడ బిగించి అల్లుతూ.
ఓర్పుకి అదింకో పేరనుకున్నాను.
ఆ మాటకి జైలు గది ఉంటుందని
ఇంత దూరం వచ్చాక తెలిసింది.

ఇంకోటి కూడా చెప్పాలి.
నేను రాత్రి డ్యూటీ నర్సుని.
పోయిన నవంబరులో ఇరవయ్యారు మంచాలకి ఇద్దరం.
పద్నాలుగో మంచం పెద్దాయన మూడింటి బీపీని
ఐదింటికి రాశాను, ఊహించి.
ఆయన బతికాడు. ఇంటికెళ్తూ చాక్లెట్ల పెట్టె ఇచ్చాడు.
అది మా ఫ్రిజ్ మీదే ఉంది, ఇంకా విప్పలేదు.
బోనుకీ జూరీ కుర్చీకీ మధ్య దూరాన్ని
ఆ మూడు వారాలూ కళ్ళతో కొలుస్తూనే ఉన్నాను.
ఒకసారి పన్నెండు అడుగులు వచ్చేది,
ఒకసారి ఏమీ వచ్చేది కాదు.
కానీ ఆ రాత్రి అతని లాకప్పులో ఉన్నది
కీరన్ ఒక్కడే.

తీర్పు ప్లంబరు లేచి చెప్పాడు.
హెబ్డెన్ కళ్ళజోడు తీశాడు, తుడవలేదు.

సాయంత్రం బస్టాపులో కీరన్ అక్క నా పక్కనే నిలబడింది.
తమ్ముడి కోటే అనుకుంటా, చేతులు వేళ్ళు దాటి వేలాడుతున్నాయి.
నన్ను గుర్తుపట్టింది.
నేను బస్సుల పట్టిక చదువుతున్నట్టు
అటు తిరగబోయాను.
టైమెంతయింది, అంది.
తిరిగి, ముందు ఆమె ముఖం చూశాను,
తర్వాత గడియారం చూశాను.
నాలుగూ ఇరవై ఏడు, అన్నాను.