పలుకులు

మొదటి మూడు వారాలు నా చేతికి సుత్తి ఇవ్వలేదు.
చీపురు ఇచ్చారు.
చెక్కేవాళ్ళ కాళ్ళ కింద రాలిన రాతి పలుకుల్ని
ఊడ్చి, జల్లించి, రంగుకో డబ్బాలో వెయ్యాలి.
తెలుపులో ఎన్ని తెలుపులో అప్పటిదాకా తెలీదు నాకు.
పాల తెలుపు, ఎముక తెలుపు,
నిన్నటి రొట్టె లోపలి తెలుపు.
తప్పు డబ్బాలో వేస్తే నీవెస్ ఏమీ అనదు,
డబ్బా మొత్తం బల్ల మీద బోర్లిస్తుంది, అంతే.

వేల్స్‌లో మాది పలకరాళ్ళ ఊరు.
"కళారంగంలో పని అనుభవం, ఇటలీ, పన్నెండు వారాలు"
అన్న కాలేజీ కాగితాన్ని
అమ్మ ఫ్రిజ్ తలుపుకి అంటించింది.
అందులో చీపురు ఊసు లేదు.

భాష కూడా అంతే, ముందు ముక్కలే.
నీళ్ళు. సున్నం. ఇంకా. కాదు. వేళ్ళు జాగ్రత్త.
మధ్యాహ్నం భోజనాల దగ్గర వాళ్ళంతా
పగలబడి నవ్వుతుంటే
నా ఐదు మాటల్నీ అటూ ఇటూ పేర్చి చూసుకునేదాన్ని,
ఏ నవ్వుకీ అతికేవి కావు.
నాకంటే రెండేళ్ళ ముందు మొరాకో నుంచొచ్చిన ఇదీర్
జొన్నపిండి రంగు పొలెంతా నా పళ్ళెంలోకి తోసి
"తిను" అన్నాడు.
నా మొదటి క్రియాపదం.

నాలుగో వారం, సుత్తి.
మొద్దులో నిలబెట్టిన ఉలి అంచు మీద రాయి ఆనించి
కొట్టకూడదట, వదలాలట.
బరువు తన పని తాను చేసుకుంటుందట.
మూడు వేళ్ళకి పట్టీలు పడ్డాక
ఒక రాయి నేనడిగిన చోట విరిగింది.
ఎవరూ తలెత్తలేదు.
లేచి వెళ్ళి, మంచినీళ్ళు తాగి,
మళ్ళీ వచ్చి కూర్చున్నాను.

ఆదివారాలు ఏదో ఒక బస్సు ఎక్కేదాన్ని.
ఒకసారి సముద్రం వైపు, పాత చర్చి,
నేలంతా చేపలు.
మోకాళ్ళ మీద వంగి చూస్తుంటే దొరికింది,
ఓ చేప మొప్ప దగ్గర, పచ్చల నడుమ
ఒకే ఒక్క మట్టిరంగు పలుకు.
పచ్చ అయిపోయిందో, పొద్దు వాలిపోయిందో,
చీపురు కుర్రాడెవడో తప్పు డబ్బాలోంచి అందించాడో.
ఇన్ని వందల ఏళ్ళలో ఎవరూ దాన్ని బోర్లించలేదు.
"నీ పేరేంట్రా?" అన్నాను, వేల్ష్‌లో, పైకే.
కాపలా ఆయన నా వంక అదోలా చూశాడు.

బడి గోడకి కొంగ చెయ్యాలి.
రెక్క నీడకి బూడిదరంగు కుదరడం లేదు.
నది ఒడ్డున రెండు సంచులు ఏరుకొచ్చాం, "కాదు" అంది నీవెస్.
మా ఊరి గుర్తుగా తెచ్చి, ఇవ్వడానికి సిగ్గేసి
సూట్‌కేసు అడుగునే ఉంచేసిన
పలకరాతి గడియారం పట్టుకొచ్చి బల్ల మీద పెట్టాను.
ముళ్ళు పీకి పక్కన పడేసి,
నాలుకతో తడిపి, వెలుతురుకి పట్టి చూసి
ఒక్క దెబ్బ వేసింది.
అటుకుల్లా విడిపోయింది.
మా రాయి పొరలుగా లేస్తుంది, చక్కెర బిళ్ళలా విరగదు,
తెలుసు నాకు, చెప్పేటన్ని మాటలు లేవు.
ఇంకో ముక్క తీసి, అంచు మీద నిలబెట్టి చూపించాను.
నీవెస్ తన సుత్తి తిప్పి, పిడి నా వైపు పెట్టింది.
"మరెడా," అంది.
నా పేరు మారెద్. సర్దిచెప్పలేదు.

కొంగ ఇప్పుడు కాగితానికి మొహం ఆనించి పడుకుంది.
గోడ ఎక్కేది వచ్చే నెల, నేను వెళ్ళేది ఈ రోజు.
నాకు తెలిసింది దాని వీపే.

కాలేజీ కాగితం చివర మూడు గీతలు,
"నేర్చుకున్నవి రాయండి."
మొదటి దాని మీద "తిను" అని రాసి కొట్టేశాను.
రెండో దాని మీద, "తెలుపులు, పదకొండు."
బస్సుకింకా గంటుంది.
చీపురు తలుపు వెనకే ఉంది.