వెర్లీన్ రసీదులు

టొలీడోలో జనవరి.
ఎదురుగానే పెద్ద దుకాణం, రోడ్డు దాటితే చాలు.
వెర్లీన్ దాటదు.
రెండు బస్సులు మారి
సబ్బుపొడి తెచ్చుకుంటుంది,
డాలరు పావలా ఎక్కువిచ్చి.

"అందరికీ చోటు" అని రాసిన పలకను
పోయిన వసంతంలో ఆ దుకాణం గోడ మీంచి దించేశారు.
మేకు మిగిలింది.
అది ఆమె కంట్లో దిగింది.

దూరపు కొట్లో
గల్లాపెట్టె బల్ల చక్రాల కుర్చీ ఎత్తున ఉంటుంది.
వినపడని కుర్రాడు డెస్మండ్ వేళ్ళతో ధర చెబుతాడు,
ఆమె వేళ్ళతోనే బేరమాడుతుంది, ఊరికే, నవ్వడానికి.
రసీదులన్నీ బిస్కెట్ల డబ్బాలోకి.
ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన చేతులు
ఓటు చీటీల్లా మడత పెడతాయి.

నిన్న రాత్రి మనవడికి జ్వరం. మంచు. బస్సుల్లేవు.
రోడ్డు దాటింది.

మందు సీసా అందిస్తూ
తలగుడ్డ సర్దుకుని హోడాన్ అంది:
"మీరంతా రావడం మానేశాక
నా పని గంటలు తగ్గించారమ్మా."
గొంతులో కోపం లేదు. చిల్లర లెక్కపెడుతోంది.

తెల్లారి జ్వరం దిగింది.
ఆ రసీదు డబ్బాలో వెయ్యలేదు,
చెత్తలోనూ వెయ్యలేదు.
కోటు జేబులోనే ఉంది.
బస్సెక్కి టికెట్టు కోసం తడిమితే
ముందు అదే చేతికొస్తోంది.