రిమార్కుల గడి

కాళంగి అవతలి గట్టున
రోవరు కర్ర నిలబెట్టి
ఆకాశంలో ఉపగ్రహాలను లెక్కపెట్టుకున్నాను.
పద్నాలుగు దొరికాయి.
కింద పదకొండు గుడిసెలు,
ట్యాబులో ఒక్కటీ లేదు.

యాడ నించి యాడ దాకా మీది, అని అడిగాను.
తుపాకుల పోలాక్షి,
ఇంటిపేరులో తప్ప తుపాకీ ఎరగని మనిషి,
గడ్డపార భుజానేసుకుని ముందు నడిచింది.

"ఈడ మా నాయిన ఎలకబొక్క తవ్వతా
నాగుబామును పట్టినాడు.
ఆ రేణిచెట్టు కింద మా యక్క కాన్పు.
నీరుగొబ్బి గుబురు కాడికి మాది.
దానవతల నాయుడోళ్ళది.
అది వాళ్ళు చెప్పిందిలే సామీ,
మేం కొలవలా."

నేను నొక్కుకుంటూ పోయాను.
ఎలకబొక్కకు ఒక అక్షాంశం,
కాన్పుకు ఒక రేఖాంశం.
గుబురు దగ్గర సిగ్నల్ పోయింది.

పట్టా ఉందా?
ఉండిందట. డీకేటీ పట్టా,
కింద తాసిల్దారు పచ్చ ఇంకు సంతకం.
మొగుడు దాన్ని తాటాకు బుట్టలో పెట్టి
బుట్టను దూలానికి కట్టాడు.
ఊళ్ళో ప్రతి రైతు వరిమడిలోనూ ఎలకలు పట్టి
కంకులు కాపాడినవాడి ఇంట్లో
పట్టాను ఎలకలు కొట్టేశాయి.
చెబుతూ చెబుతూ తనే పడీపడీ నవ్వింది.
"వాటికీ పగుంటాది కదా!"

మండలాఫీసులో రెండో ప్రతి ఉండాలి.
బీరువా తీయించాను.
ఖాళీ అట్ట మీద గుండ్రటి దస్తూరి:
రికార్డు శిథిలం.
సర్కారు కాగితం పోతే శిథిలం,
పోలాక్షి కాగితం పోతే ఆక్రమణ.

మిట్టమధ్యాహ్నం చెంబుతో నీళ్ళిచ్చింది.
తాగుతానా లేదా అని
పిల్లకాయలు నా గొంతు వైపే చూస్తున్నారు.
తాగాను.
అది రాయడానికి గడి లేదు.

చీకటిపడేలోగా సింక్ చెయ్యమని మెసేజి.
ఈ గట్టు పొడవునా భూముల బ్యాంకట,
ఫ్యాక్టరీలొస్తాయట.
దాచుకున్నవాళ్ళు ఒకరు,
తీసుకునేవాళ్ళు ఇంకొకరు.
ఇదేం బ్యాంకో
పదమూడేళ్ళ సర్వీసులో నాకు అర్థం కాలేదు.

అనుభవదారు ఎవరు? ట్యాబు అడిగింది.
ప్రభుత్వం. అటవీ శాఖ. పట్టాదారు.
వేలు మూడింటి మీదా తిరిగి
కిందికి, రిమార్కుల గడిలోకి జారింది.
దాన్లో పట్టేవి కొద్ది అక్షరాలే.
నేను రాసింది ఇట్లా మిగిలింది:
"తుపాకుల పోలాక్షి కుటుంబం నాలుగు త"

తరాలు
లోపల పట్టలేదు.

మూడోరోజు రాయి పాతించి వచ్చేశాను.
వారం తిరక్కుండానే
మనవడి ఫోన్లోంచి పోలాక్షి గొంతు:
"నువ్వు నాటిన రాయి కింద
అప్పుడే బొక్క పడింది సామీ.
దాన్ని నేను పట్టగల్ను గానీ
తవ్వితే రాయి ఒరుగుతాది,
ఒరిగితే నన్నంటారు.
నువ్వే ఒకపారొచ్చి
చూసుకో."